ట్రక్‌లో నికెల్ తీసి లైపో పెట్టాను: మూడు నెలల తర్వాత రివ్యూ

నమస్తే అండీ. ఇది నా రిమోట్ కంట్రోల్ ట్రక్, ట్రాక్సస్ స్లాష్. టూ వీల్ డ్రైవ్, బ్రష్డ్ మోటార్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బండితో పాటు వచ్చిన బ్యాటరీ ఇది: నికెల్ మెటల్ హైడ్రైడ్, ఏడు సెల్స్, 8.4 వోల్టులు, కెపాసిటీ 3000 ఎంఏహెచ్. మూడు నెలలుగా దీన్ని పక్కన పెట్టి ఈ టూఎస్ లైపో, అంటే రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ, వాడుతున్నాను. 5000 ఎంఏహెచ్, హార్డ్ కేస్.

చూడగానే ఒక డౌట్ వస్తుంది. పాతదాని మీద 8.4 అని ఉంది, లైపో మీద 7.4 అనే ఉంది. మరి బండి లైపోతోనే ఎందుకు ఎక్కువ లాగుతోంది? 7.4 అనేది సెల్‌కి 3.7 చొప్పున వేసిన లెక్క. ఫుల్ ఛార్జ్‌లో ఒక్కో సెల్ 4.2 ఉంటుంది, అంటే ఇది 8.4 దగ్గర మొదలవుతుంది. అసలు తేడా థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు తెలుస్తుంది. అప్పుడు నికెల్ ప్యాక్ వోల్టేజ్ బాగా పడిపోతుంది. లైపో లోపల రెసిస్టెన్స్ తక్కువ, అందుకే అంతగా పడదు.

మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. అక్కడి ఇసుక కుప్ప మీదికి రెండు బ్యాటరీలతోనూ ఎక్కించి చూశాను. నికెల్‌తో మొదట బాగానే ఎక్కింది, పది నిమిషాలయ్యాక సగంలోనే ఆగిపోవడం మొదలైంది. లైపోతో మొదటిసారి ఎలా ఎక్కిందో చివర్లోనూ దాదాపు అలాగే ఎక్కింది. బరువు కూడా తక్కువ, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

కానీ చివరిదాకా బండి అదే జోరు మీద ఉంటుంది కాబట్టి బ్యాటరీ అయిపోతోందని మనకు తెలియదు. నా మొదటి లైపో అలాగే పోయింది. రెండో రన్‌కే ఉబ్బింది. తప్పు బ్యాటరీది కాదు, నాది. మోటార్‌కి వెళ్లే కరెంట్‌ని కంట్రోల్ చేసే ఈ ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీ మీద లైట్ చూడండి. ఎరుపు ఉంటే లో వోల్టేజ్ డిటెక్షన్, అంటే వోల్టేజ్ మరీ తగ్గితే బండిని ఆపే కటాఫ్, ఆఫ్‌లో ఉన్నట్టు, ఆకుపచ్చ ఉంటే ఆన్‌లో ఉన్నట్టు. నాకు బండి ఎరుపుతోనే వచ్చింది, నేను చూసుకోలేదు. సెల్ 3 వోల్టుల కిందికి పోతే లోపల దెబ్బ తింటుంది, మళ్లీ కోలుకోదు. సెట్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆకుపచ్చకి మారుతుంది. లైపో పెట్టే ముందు దయచేసి ఇది చూసుకోండి. నేనైతే బ్యాలెన్స్ వైరుకి, అంటే ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా తెలిసే చిన్న వైరుకి, ఒక బజర్ కూడా తగిలిస్తున్నాను, సెల్ 3.5 దగ్గర అరిచేలా.

ఇంకో మాట. బ్యాటరీ కంటే ముందు ఛార్జర్ కొనండి. నికెల్ ఛార్జర్ ఫుల్ అయ్యిందని ఎలా గుర్తిస్తుందంటే, చివర్లో వోల్టేజ్ కొంచెం తగ్గడం చూసి. లైపోలో ఆ తగ్గుదల రాదు. ఛార్జర్ ఆగకుండా ఎక్కిస్తూనే ఉంటుంది, మంటలు కూడా రావచ్చు. అందుకే లైపో మోడ్, సెల్స్ అన్నిటినీ సమానంగా ఉంచే బ్యాలెన్స్ ఛార్జింగ్ రెండూ ఉన్నదే కావాలి. మొత్తం 8.4 చూపించినా ఒక సెల్ 4.3, ఇంకోటి 4.1 ఉండొచ్చు కదా. ఆ 4.3 ప్రమాదం. కరెంట్ విషయానికొస్తే, 5000 ప్యాక్‌కి 5 ఆంపియర్లు పెడితే చాలు.

స్టిక్కర్ మీద 50సి అని ఉంది, అంటే కెపాసిటీకి యాభై రెట్ల కరెంట్ ఇవ్వగలదని. లెక్క ప్రకారం 250 ఆంపియర్లు. ఈ మోటార్‌కి అంత అక్కర్లేదు, ఆ నంబర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

నేను ఛార్జింగ్ గచ్చు మీద పెడతాను. మంచం మీద, సోఫా మీద ఎప్పుడూ వద్దు. మనిషి పక్కనే ఉండాలి. రన్ అయిన వెంటనే పెట్టకండి, చల్లారనివ్వండి. మే నెలలో ఎండలో ఆపిన కారులో అస్సలు వదిలేయకండి. ఉబ్బిన ప్యాక్‌ని నొక్కడం, గుచ్చడం చేయొద్దు, మళ్లీ వాడనూ వద్దు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లకి ఒక మాట: విడి బ్యాటరీ చెకిన్ సూట్‌కేస్‌లో పెట్టకూడదు, క్యాబిన్ బ్యాగ్‌లోనే తేవాలి, కనెక్టర్‌కి టేప్ వేసి. ఈ ప్యాక్ 37 వాట్ అవర్లే, 100 లోపు కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. అయినా ఎయిర్‌లైన్ రూల్స్ ఒకసారి చూసుకోమనండి.

వచ్చే ఆదివారం దాకా నాకు రన్ లేదు. అందుకే ఇదిగో, ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ నొక్కుతున్నాను. సెల్‌కి 3.8 దగ్గర ఆగుతుంది. అది ఆగేదాకా నేను ఇక్కడే ఉంటాను. మీ బండి ఏది, అందులో ఏ ఈఎస్‌సీ ఉందో కామెంట్‌లో రాయండి, దానికి కటాఫ్ ఎలా పెట్టాలో కలిసి చూద్దాం.