అస్టానిషింగ్ ఎవరు? అస్టానిష్డ్ ఎవరు?

విశాఖలో ఇంటర్వ్యూలకు సాధన చేస్తున్న పిల్లల నోట నేను తరచూ వినే మాట ఇది: "ఐ యామ్ అస్టానిషింగ్." ఆశ్చర్యపోయానని చెప్పాలని వాళ్ల ఉద్దేశం. కానీ బయటికి వచ్చిన అర్థం వేరు: నన్ను చూసి అందరూ నోరెళ్లబెడతారు! తెలివైన పిల్లలు ఇంత చిన్నచోట తడబడుతుంటే నాకు ప్రాణం ఒప్పదు. అందుకే ఈ వీడియో.

(తెర మీద: బీచ్ రోడ్డు, కురుసుర)

అరకు నుంచి మొదటిసారి వచ్చిన కుర్రవాడు ఆర్కే బీచ్‌లో దిగాడనుకోండి. ఎదురుగా, నీటిలో ఉండవలసిన జలాంతర్గామి ఒడ్డు మీద ఉంది. తొంభై మీటర్లు దాటిన పొడవు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఐఎన్ఎస్ కురుసుర. కుర్రవాడు కాలు కదపలేదు.

కురుసుర అస్టానిషింగ్. కుర్రవాడు అస్టానిష్డ్. ఆశ్చర్యం పుట్టించేదానికి 'ఇంగ్', అది తగిలినవాడికి 'ఎడ్'.

ఇక రోజూ అటు నడకకు వెళ్లే పెద్దాయన సంగతి చూడండి. ఆయన తలైనా తిప్పడు. ఆయన అస్టానిష్డ్ కాడు, కురుసుర మాత్రం అస్టానిషింగే. గుణం వస్తువుది, అనుభూతి మనిషిది.

అదే కుర్రవాడు సోమవారం వచ్చాడు, మ్యూజియానికి సెలవు. అప్పుడు సర్‌ప్రైజ్డ్ అంటే చాలు. అనుకోనిది జరిగింది, అంతే. అస్టానిష్డ్ అనాలంటే మనిషి కొయ్యబారిపోవాలి. ఆ బలం పదం పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో 'టోనారే' అంటే ఉరమడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. స్టన్, అస్టౌండ్ కూడా ఆ కుటుంబానివే. షేక్‌స్పియర్ కాలంలో దెబ్బకు దిమ్మతిరగడాన్ని కూడా ఈ మాటతోనే చెప్పేవారు. 'హెన్రీ ది ఫిఫ్త్' నాటకంలో ఒకడు కర్రదెబ్బలు తిన్నప్పుడు, వాణ్ని అస్టానిష్ చేశావు, ఇక చాలు అంటాడు పక్కవాడు. ఎంత చక్కటి వాడుక! తెలుగులో నాకు నచ్చిన సమానార్థకం 'నిశ్చేష్టుడయ్యాడు'. 'ఆశ్చర్యపోయాడు' దీని ముందు చప్పగా ఉంటుంది.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. అస్టానిష్డ్ తర్వాత 'ఎట్' గానీ 'బై' గానీ వాడండి. ముందు 'వెరీ' అంతగా నప్పదు, 'అబ్సల్యూట్లీ' బాగుంటుంది. నామవాచకం అస్టానిష్‌మెంట్. పలికేటప్పుడు ఒత్తు రెండో అక్షరం 'స్టా' మీద పడాలి, 'అ' మీద కాదు. మీరు రాసిన రెండు వాక్యాలు కింద పెట్టండి, ఒకటి 'ఇంగ్'తో, ఒకటి 'ఎడ్'తో. అన్నీ చదివి దిద్దుతాను.