బుట్టలో మొలక, బాల్కనీలో చిగురు

శ్రోతలకు నమస్కారం.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉల్లిపాయల బుట్టలోంచి ఒక పచ్చటి కాడ తల బయటపెడుతుంది. వెల్లుల్లి వొలిస్తే రెబ్బ మధ్యలో ఆకుపచ్చ మొలక కనిపిస్తుంది. బంగాళాదుంపలకు కళ్లొస్తాయి. బాల్కనీలో కరివేపాకు చిగురేస్తుంది. అన్నీ కలిపి చూసి ‘వసంతం వచ్చేసింది’ అనేస్తాం. బాల్కనీ సంగతి సరే గానీ, బుట్టలో ఉన్నవాటికి వసంతంతో పెద్దగా పని లేదు.

ఉల్లిపాయ లెక్క పొలంలోంచి పీకిన రోజున మొదలవుతుంది. అప్పటినుంచి కొన్నాళ్లు దానికి నిద్ర. ఎన్నాళ్లన్నది రకాన్ని బట్టి, పండిన కాలాన్ని బట్టి ఉంటుంది. ఖరీఫ్‌లో పండే కర్నూలు ఉల్లికి నీరెక్కువ, నిలవ తక్కువ. అదే ఎండాకాలంలో మహారాష్ట్ర నుంచి దిగే రబీ ఉల్లి, గాలి తగిలేలా ఆరబోస్తే నాలుగైదు నెలలు కదలదు. ఇంకో వింత చెప్పాలి. ఉల్లి చురుగ్గా మొలకెత్తేది 10 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో. ఎండ ముదిరి 30 దాటితే మొలక మందగిస్తుంది. అంటే మనం వసంతం తెచ్చిందనుకునే ఆ కాడ, నిజానికి మొన్నటి చలికాలం చేసిన పని!

బంగాళాదుంపదీ ఇదే కథ. తవ్వాక సుమారు రెండు మూడు నెలలు అది మామూలుగా మొలవదు. తర్వాత చీకట్లో పెట్టినా ఆగదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నంతకాలం ఊరుకుని, బయటి వేడి తగలగానే లేచి కూర్చుంటుంది. అందుకే చలికాలం చివర్లో కొనేటప్పుడు గోటితో ఒకసారి గీకి చూడండి. కొత్త దుంప తోలు పొరలా ఊడొస్తుంది. పాత దుంప తోలు మొండికేస్తుంది.

మొలకొచ్చినవి తినొచ్చా అని చాలామందికి అనుమానం. ఉల్లి, వెల్లుల్లి నిక్షేపంగా తినొచ్చు. ఉల్లి కాడను తరిగి పప్పులో వేసుకోవచ్చు కూడా. బంగాళాదుంపతో మాత్రం జాగ్రత్త. చిన్న మొలకైతే, దుంప గట్టిగా ఉంటే, కన్ను లోతుగా తీసేసి వండుకోండి. తోలు పచ్చబడినా, దుంప మెత్తబడి ముడతలు పడినా పారేయడమే మంచిది. వెలుతురు తగిలి పచ్చబడినచోట సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పూర్తిగా పోదు. ఐదు రూపాయల దుంప కోసం కడుపునొప్పి ఎందుకు?

ఇక బాల్కనీకి వద్దాం. హైదరాబాద్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు. మార్చి మూడో వారానికి 12 గంటలు. ఆ గంట వెలుతురు కన్నా మన మొక్కల్ని కదిలించేది రాత్రిపూట చలి తగ్గడం. కరివేపాకునే చూడండి. జనవరిలో ఆకులు పసుపెక్కి రాలుతుంటే మొక్క చచ్చిపోయిందని కొందరు టెన్షన్ పడి, రోజూ నీళ్లు గుమ్మరిస్తారు. నిద్రపోతున్న మొక్కకు వేరు కుళ్లేది అప్పుడే. ఫిబ్రవరిలో కొమ్మ చివర కొత్త చిగురు కనబడ్డాకే నీళ్లు, ఎరువు పెంచాలి. పుల్ల మజ్జిగ పోసే అలవాటున్నవాళ్లు పోసుకోండి, కానీ బాగా పల్చగా. చిగుళ్లు కాస్త పెరిగాక కొసలు తుంచేస్తే పక్క కొమ్మలు వేస్తుంది. ఆ తుంచినవి ఎలాగూ పోపులోకే.

తులసికి ఎండిన వెన్నులు అలాగే ఉంచితే బలమంతా విత్తనానికే పోతుంది. వెన్నులు దూసి దాచుకుంటే మొక్కకు కొత్త ఆకు, మనకు కొత్త నారు. మనీ ప్లాంట్ గురించి చెప్పడానికేమీ లేదు, దాన్ని చంపడమే కష్టం.

మల్లె దగ్గర మాత్రం మనసు రాయి చేసుకోవాలి. సంక్రాంతికి ముందే నీళ్లు తగ్గించి, పండగ వెళ్లాక కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసెయ్యాలి. మోడులా నిలబడ్డ మొక్కను చూసి ఇంట్లోవాళ్లు కోప్పడతారు, పడనివ్వండి. అప్పుడు మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, పశువుల ఎరువు వేసి, నీళ్లు కట్టాలి. మల్లెమొగ్గ కొత్త కొమ్మ కొసనే వస్తుంది. పాత కొమ్మల మీద జాలిపడితే ఆకులే దక్కుతాయి.

చివరగా కొత్తిమీర. అన్నీ చిగురిస్తున్నాయి కదా అని ఇప్పుడే ధనియాలు నలిపి కుండీలో చల్లేవాళ్లున్నారు. మొలుస్తాయి, కానీ ఎండ పెరిగేసరికి నాలుగు ఆకులకే సన్నటి కాడ వేసి, తెల్లగా పూతకొచ్చేస్తాయి. కావాలంటే పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట, వెడల్పాటి కుండీలో దగ్గరదగ్గరగా చల్లి, కొన్ని అంగుళాల ఎత్తులోనే కోసుకోండి. పూతకొస్తే పీకకండి. ఆ పువ్వుకు తేనెటీగలొస్తాయి, పక్కనున్న దోస, గుమ్మడి పాదులకూ వాటితో పనుంటుంది.

ఉంటాను, నమస్కారం.