పొయ్యి మారితే సెలవు అయినట్టేనా?

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండలో మా వంటగది కిటికీలోంచి చూస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. 34 ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి నేను చూస్తున్నది దాన్నే. టీచరుగా పనిచేసినంత కాలం నాకు దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు అన్నీ ఉండేవి. సెలవులొస్తే పిల్లలు ఇంటిపట్టున ఉంటారు, చుట్టాలు దిగుతారు, వంట రెట్టింపు అవుతుంది. అందుకే మేము స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్లినప్పుడు మా బిడ్డ, "అమ్మా, స్కై అనే దీవికి పోదాం. వారం రోజులకు కాటేజీ తీసుకున్నం, వంట మనమే చేసుకోవాలె" అంటే నాకు నవ్వొచ్చింది. ఇంత డబ్బు పోసి, సముద్రాలు దాటి, మళ్లీ బియ్యం కడుగుడేనా అన్నాను.

దాన్ని అక్కడ సెల్ఫ్ కేటరింగ్ అంటారు. ఇల్లు మనకు అప్పగిస్తారు. పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు, పళ్లాలు, బట్టలు ఉతికే మెషీను, దుప్పట్లు అన్నీ ఉంటాయి. తిండి మాత్రం మనదే. చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా లెక్క. సాయంత్రం నాలుగింటికి లోపలికి పోవచ్చు, ఆఖరి రోజు పొద్దున పదింటికల్లా ఖాళీ చేయాలి. మాకు ఇంటివాళ్లు అసలు కనిపించనే లేదు. తలుపు పక్కన చిన్న పెట్టె, దానికి అంకెల తాళం, అందులో తాళంచెవి. లోపల బల్ల మీద ఒక ఫైలు. చెత్త బండి ఏ రోజు వస్తుంది, ఏ డబ్బాలో ఏది వేయాలి, దగ్గర్లో డాక్టరు ఎక్కడ, అన్నీ అందులో రాసి ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు కాబట్టి టాయిలెట్‌లో ఏమేమి వేయకూడదో ఒక పేజీ నిండా రాశారు. మా ఆయన దాన్ని పరీక్షకు చదివినట్టు చదివారు.

సామాన్ల దగ్గర మొదటి పేచీ వచ్చింది. ఇక్కడి నుంచి పోయేటప్పుడే పాలు, పెరుగు, నెయ్యి లాంటివి, మాంసంతో చేసినవి ఆ దేశంలోకి తీసుకుపోనివ్వరని బిడ్డ ముందే చెప్పింది. నెయ్యి డబ్బా హన్మకొండలోనే ఆగిపోయింది. అక్కడి వెన్న కొని కరగబెడితే మంచి నెయ్యే వచ్చింది లెండి. సకినాలు, మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం, చింతపండు, కందిపప్పు మాత్రం దీవి దాకా వచ్చాయి. గ్లాస్గో నుంచి ఆ దీవిలో పెద్ద ఊరు పోర్ట్రీకి సుమారు 345 కిలోమీటర్లు, కారులో ఐదు గంటల పైమాటే. దీవి అనగానే పడవ ఎక్కాలనుకున్నాను. మల్లేగ్ రేవు నుంచి పడవ ఉంది గానీ, మేము వంతెన మీదుగానే పోయాం. ఆ వంతెన 1995లో కట్టారు. టోలు వసూలు మీద అక్కడి జనం ఏళ్ల తరబడి గొడవ చేస్తే 2004 చివర్లో ఎత్తేశారట. టోల్‌గేటు గొడవలు మనకొక్కరికే కాదన్నమాట.

స్కై దీవి స్కాట్లాండ్ పడమటి ఒడ్డున ఉంది. ఆ దేశపు దీవుల్లో పెద్దదనంలో రెండోది. చుట్టుకొలతకు పెద్దదే గానీ జనం పదివేల చిల్లర. మా హన్మకొండలో రెండు మూడు కాలనీలు కలిపితే అంతమంది ఉంటారు. రోడ్ల మీద ఊర్ల పేర్లు ఇంగ్లీషులోనూ, వాళ్ల పాత భాష గేలిక్‌లోనూ రాసి ఉంటాయి. గేలిక్‌లో దానికి పొగమంచు దీవి అనే పేరు కూడా ఉంది. పేరు ఊరికే రాలేదు. మేము పోయిన మొదటి రెండు రోజులు కొండ కాదు కదా, ముందున్న గొర్రె కూడా సరిగ్గా కనిపించలేదు.

ఇక వంట. అక్కడి పొయ్యి గాజుపలకలా చదునుగా ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. మొదటి రోజు ఉత్సాహంగా సర్వపిండికి పిండి కలిపాను. సర్వపిండి గుండ్రటి అడుగున్న గిన్నెకు ఒత్తితేనే అందం. ఆ గిన్నె గాజుపలక మీద నిలబడదు, వేడి అడుగున ఒక్క చుక్కకే తగులుతుంది. చివరికి చదును పెనం మీద ఒత్తి, మూతపెట్టి కాల్చాను. మా మనవడు దాన్ని పిజ్జా అన్నాడు. నేను ఊరుకున్నాను.

ఆ రాత్రే పప్పుకు పోపు పెట్టాను. ఎండుమిరపకాయలు చిటపటమన్నాయో లేదో, ఇల్లంతా కేకలు. హాల్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, వంటింట్లో ఒకటి, సీలింగుకున్న డబ్బాలన్నీ ఒకేసారి మోగుతున్నాయి. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లాండ్‌లో ఇళ్లన్నిటికీ ఈ నియమం వచ్చింది. హాల్లో పొగకు మోగేది, వంటింట్లో వేడికి మోగేది పెట్టాలి, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపి ఉంచాలి. నేను వంటింటి తలుపు తీసిపెట్టి పోపు వేశాను, ఘాటు పొగంతా హాల్లోకి పోయింది. అల్లుడు కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే, మా ఆయన ఫైలులో ఆ పేజీ ఎక్కడుందో వెతుకుతున్నారు. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి పోయేవాళ్లుంటే నా మాట వినండి. తలుపు మూసి, కిటికీ తెరిచి, పొయ్యి పైన ఫ్యాను వేసి, అప్పుడు పోపు పెట్టండి.

అసలు సంగతి మూడో రోజున తెలిసింది. పొద్దున మబ్బు విడిపోయింది. వంటింటి కిటికీ ఎదురుగా సముద్రం, దాని అవతల నల్లటి కొండలు. కూలిన్ కొండలంటారు, పెద్ద శిఖరం 992 మీటర్లు. అందరూ కారెక్కి స్టోర్ అనే చోటికి పోదామని తయారయ్యారు. ఎప్పుడో కొండచరియలు జారి, వేలు నిలబెట్టినట్టు మిగిలిపోయిన రాతి స్తంభం ఉంటుందక్కడ. నేను సింకు దగ్గర ఉన్నాను. దారిలోకి పులిహోర కలపాలి, పొద్దున తిన్న గిన్నెలు కడగాలి, రాత్రికి పప్పు నానబెట్టాలి. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని నేను గిన్నె అడుగు తోముతున్నాను. నీళ్ల ట్యాంకు పోయి సముద్రం వచ్చిందంతే.

నేను పెద్దగా ఏమీ అనలేదు. "మీరు పోయి రాండ్రి, నాకు పనుంది" అన్నాను, అంతే. ఆ మాట ఏ గొంతుతో అన్నానో గానీ, అల్లుడు కారు తాళాలు బల్ల మీద పెట్టి లోపలికొచ్చాడు. "అత్తమ్మా, ఇయ్యాల్టి సంది మీరు పొయ్యి దిక్కు రావద్దు" అన్నాడు. బిడ్డ కాగితం తీసి వంతులు రాసింది. నా పేరు ఒక్క రోజుకే రాసింది. మా ఆయన పేరు కూడా రాసింది. ఆయన జీవితంలో చాయ్ తప్ప ఏదీ పెట్టలేదు.

ఆయన వంతు రోజున కోడిగుడ్ల పులుసు చేస్తానన్నారు. ఆ రోజు నేను బయట రాతిగోడ మీద కూర్చున్నాను. లోపలి నుంచి గంట సేపు ప్రశ్నలు. ఉల్లిగడ్డలు ఎంత సన్నగా కోయాలె? చింతపండు ఎంత? గుడ్లు ఉడికినయని ఎట్ల తెలుస్తది? జవాబు చెప్పి చెప్పి చివరికి చెప్పడం మానేశాను. పులుసు నీళ్లలా ఉంది, ఉప్పు తక్కువైంది. ముగ్గురం రెండోసారి వడ్డించుకున్నాం. మనవడు ఒక్కడే నిజం చెప్పి చీవాట్లు తిన్నాడు.

జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా పొద్దు గూకదు. తిన్నాక బయట కూర్చుందామంటే ఇంకో బాధ ఉంది. మిడ్జ్‌లని, నలుసంత దోమలు. గాలి ఆగిందంటే చాలు, పొగలా కమ్ముకుంటాయి, పొద్దు వాలే వేళ మరీనూ. గాలి వీస్తే పత్తా ఉండవు. ఎవరో కాటేజీ ఫొటోలు చూపించి మురిపిస్తే, ఈ దోమల సంగతి కూడా అడగండి.

ఇంకో రోజు పోర్ట్రీకి దక్షిణాన బ్రేస్ అనే చోటికి పోయాం. దారి ఒకే కారు పట్టేంత. మధ్యమధ్యలో పక్కకు ఆగడానికి జాగా ఉంటుంది. ఎదురు బండి వస్తే దగ్గరున్నవాళ్లు ఆగాలి, పోయేవాళ్లు చెయ్యెత్తి పలకరించాలి. అక్కడ ఒక రాతి గుర్తు ఉంది. 1882లో కొండ మీద గొర్రెలు మేపుకునే హక్కు కోసం అక్కడి రైతులు దొర మీద తిరగబడ్డారు. కౌలు కట్టేది లేదన్నారు. వాళ్లను పట్టుకుపోవడానికి గ్లాస్గో నుంచి దాదాపు 50 మంది పోలీసులొస్తే, ఆడవాళ్లు ముందుండి రాళ్లతో ఎదుర్కొన్నారు. నాలుగేళ్లకు, 1886లో, వాళ్లను భూమి మీద నుంచి ఊరికే వెళ్లగొట్టకుండా చట్టం వచ్చింది. ఆ ఆడవాళ్ల సంగతి చదువుతుంటే మన పాలకుర్తి చాకలి ఐలమ్మ గుర్తొచ్చింది. వేల మైళ్ల అవతల, మనకంటే అరవై ఏళ్ల ముందు, అదే దొరతనం, అదే తిరుగుబాటు. ఇప్పుడు ఆ దీవిలో మనం సెలవులకు అద్దెకు తీసుకునే ఇళ్లలో కొన్ని అటువంటి రైతుల పాత ఇళ్లే. రాతిగోడ మీద కూర్చుని పులుసు కోసం ఎదురుచూసిన దాన్ని, అది ఎవరి చేతులు పేర్చిన గోడో అప్పటిదాకా ఆలోచించలేదు.

ఇంతకీ, వండుకుంటూ సెలవు గడపడం మనకేం కొత్త కాదు. మేడారం జాతరకు పోయేవాళ్లు చేసేదేంటి? రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క, సారలమ్మ గద్దెలకు వచ్చేదాకా జనం అడవిలో గుడారాలు వేసుకుంటారు. మూడు రాళ్లు పెట్టి, కోడిని కోసి, అక్కడే వండుకుని తింటారు. నా చిన్నప్పుడు మేము ఎడ్లబండిలో పోయేవాళ్లం. అక్కడ మా నాయిన కూర వండేవాడు. ఇంట్లో ఎన్నడూ గరిటె పట్టని మనిషి, జాతరలో మాత్రం కూర ఆయనదే. అమ్మ జంపన్న వాగులో స్నానం చేసి వచ్చి, చెట్టు కింద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆమె అలా కూర్చోవడం నేను ఇంట్లో చూసిన గుర్తు లేదు. స్కైలో గోడ మీద కూర్చున్నప్పుడు నాకు అమ్మ కాళ్లు చాపుకున్న తీరే యాదికొచ్చింది.

మన దగ్గర దీవి మీద ఉండాలనుకునేవాళ్లకు లక్నవరం ఉంది. ములుగు దాటి గోవిందరావుపేట మండలంలో, కాకతీయుల కాలపు చెరువు. కొండల మధ్య నీళ్లు, నీళ్ల మధ్య దీవులు. వేలాడే వంతెన మీద నడిచి దీవిలోకి పోవచ్చు, పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. వంట మాత్రం మన చేతిలో ఉండదు, అక్కడి హోటల్లోనే తినాలి. నా మటుకు నాకు ఒక్క రాత్రికైతే అదే నయం. వండుకుందామనుకుంటే మరుసటి రోజు రామప్ప వైపో, మీ సొంత ఊరి మామిడితోటకో పోండి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, పైగా ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి పొయ్యి పెట్టే ముందు అక్కడివాళ్లను అడగండి. వచ్చేటప్పుడు నిప్పు మీద నీళ్లు పోసి, బూడిద చల్లారిందాకా ఆగండి.

ఇక ఎక్కడైనా వండుకునే ఇల్లు అద్దెకు తీసుకునే ముందు నేనైతే ఫొటోల్లో మంచాలు చూడను, వంటిల్లు చూస్తాను. పొయ్యి గ్యాసా, కరెంటా? కరెంటు పోతే ఏం చేయాలె? తాగే నీళ్లు ఎక్కడివి? ఆ దీవిలో కొన్నిచోట్ల కుళాయి నీళ్లు లేత చాయ్ రంగులో వస్తాయి, ఆ నేలలో కుళ్లీ కుళ్లని మొక్కలతో ఏర్పడిన పీట్ మట్టి వల్ల. దుకాణం ఎంత దూరం? స్కాట్లాండ్‌లోనైతే ఇలా అద్దెకిచ్చే ఇళ్లకు ఇప్పుడు లైసెన్సు తప్పనిసరి, ప్రకటనలోనే ఆ నంబరు వేయాలి. అది లేకపోతే డబ్బు కట్టకండి. ఇవన్నీ అడిగాక, ఇంకొకటి మీ ఇంట్లోనే అడగాలి. గిన్నెలు ఎవరు కడుగుతారు?

ఈ కార్తీకంలో మా వాడకట్టువాళ్లమంతా వనభోజనాలకు పోతున్నాం. వంతుల కాగితం ఈసారి నేనే రాశాను. కోడిగుడ్ల పులుసు కార్తీకంలో కుదరదు కాబట్టి మా ఆయనకు పచ్చిపులుసు అప్పజెప్పాను. దానికి పొయ్యి అక్కర్లేదని ఆయన ధైర్యంగానే ఉన్నారు. చింతపండు ఎంత వేయాలో మాత్రం నిన్నటి నుంచి అడుగుతున్నారు.

సెలవు.