కండ పోలేదు, కరెంట్ తీసేశారు: మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ ఎందుకు మాట వినదు

(మంచం మీద చాపిన కాలు, తొడ దగ్గర నుంచి షాట్)

మా పర్లాకిమిడిలో ఒక పెద్దమ్మ, వైజాగ్‌లో మోకాలి చిప్ప మార్పించుకుని వచ్చింది. చిప్ప మార్చారు అని మనోళ్లు అంటారు గానీ నిజానికి మార్చేది కీలుని, సరే వదిలేయండి. నేను ఫిజియోథెరపీకి వెళ్లేసరికి చుట్టూ కొడుకు, కోడలు, పక్కింటోళ్లు, అందరూ "ఎత్తమ్మా, గట్టిగా ఎత్తు, భయపడతావేటి" అని ఒకటే అరుపులు, ఆవిడేమో చెమటలు కారిపోతూ "నానెత్తుతున్నాన్రా బాబూ, అదే లెగట్నేదు" అంటోంది.

ఆవిడ చెప్పిందే కరెక్టు. ఈ వీడియో ఆ కొడుకు లాంటోళ్ల కోసమే.

తొడ ముందు వైపు ఉండే పెద్ద కండని క్వాడ్రిసెప్స్ అంటారు, కాలు చాపడానికి, మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి అదే దిక్కు. బరంపురంలో డాక్టర్ "జంఘ" అంటే మన పుస్తకాల్లోలాగా పిక్క అనుకోకండి, ఒడియాలో జంఘ అంటే తొడే, ఈ కండ గురించే చెప్తున్నారు. ఆపరేషన్ అయ్యాక ఇది నీరసపడితే మంచం మీద పడుకుని కండ కరిగిపోయింది అంటారందరూ. కొంత కరుగుతుంది, నిజమే. కానీ 2005లో వచ్చిన ఒక స్టడీలో మోకీలు మార్చిన వాళ్లని దగ్గర దగ్గర నెల తర్వాత చూస్తే తొడ బలం 62 శాతం పడిపోయింది, కండ సైజు మాత్రం తగ్గింది 10 శాతమే. మరి మిగతా బలం ఏమైపోయినట్టు?

(తుఫాను గాలికి ఊగుతున్న కరెంట్ స్తంభాలు)

తిత్లీ గుర్తుందా, 2018 అక్టోబర్. తుఫాను వస్తోందంటే ముందే సబ్‌స్టేషన్‌లో కరెంట్ తీసేస్తారు కదా, తెగిన తీగ తగిలి ఎవరూ పోకూడదని. మన ఇంట్లో బల్బు బాగానే ఉంటుంది, స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. మోకాల్లో జరిగేది అచ్చంగా ఇదే. కీలు లోపల వాపుని, నొప్పిని, గాయాన్ని కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి, అక్కడ నీరు చేరి కీలు చుట్టూ ఉన్న సంచి సాగిందంటే అవి వెన్నుపాముకి కబురు పంపిస్తాయి, ఇక్కడ దెబ్బ తగిలింది బరువు పడనివ్వొద్దు అని. వెన్నుపాము వెంటనే క్వాడ్రిసెప్స్‌కి వెళ్లే నరాల సిగ్నల్‌ని అణిచేస్తుంది. పైనుంచి మెదడు "ఎత్తు" అని ఎంత మొత్తుకున్నా కింద దాకా పూర్తిగా రాదు. దీని డాక్టర్ల పేరు ఆర్థ్రోజెనిక్ మజిల్ ఇన్హిబిషన్, పేరు మర్చిపోయినా నష్టం లేదు.

నొప్పి వల్ల ఎత్తట్లేదు అనే మాటకి కూడా జవాబుంది. 1984లో ఒక స్టడీలో ఏ జబ్బూ, నొప్పీ లేని మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చూశారు. 20, 30 మిల్లీలీటర్లకే, అంటే దగ్గు మందు మూత రెండుసార్లు నింపితే అంతే, క్వాడ్రిసెప్స్‌లో లోపలి వైపు భాగం అణిగిపోయింది. బయటి వైపు భాగం అణగడానికి 50, 60 దాకా పట్టింది. ఆపరేషన్ అయినవాళ్లకి మోకాలి పైన లోపలి వైపు ముందు పల్లం పడినట్టు కనిపించేది అందుకే కావచ్చు.

ఇంకోటి, గాలి తగ్గిన రోజే కరెంట్ రాలేదు కదా మనకి. ఇక్కడా అంతే, నొప్పి పోయిన నెలల తర్వాత కూడా ఈ అణచివేత కొంత మిగిలిపోవచ్చు, ఆపరేషన్ కాని రెండో కాల్లో కూడా కొంచెం కనిపిస్తుంది.

మరి ఏం చెయ్యాలి? ముందు వాపు మీద పడాలి, బరువుల మీద కాదు. ఐస్ తువ్వాల్లో చుట్టి 15, 20 నిమిషాలు, కాలు గుండె కన్నా ఎత్తులో. ఐస్ వాపుకే కాదు, ఆ నరాల గోలని కూడా కాసేపు తగ్గిస్తుంది, అందుకే ఐస్ పెట్టిన వెంటనే ఎక్సర్‌సైజ్ చేయిస్తాం. మోకాలి కింద దిండు మాత్రం పెట్టకండి బాబూ, హాయిగానే ఉంటుంది గానీ కాలు వంగే అలవాటు పడిపోయి పూర్తిగా చాపడం రాదు, చుట్టిన టవల్ మడమ కింద పెట్టండి.

మనోళ్లు "కరెంట్ పెట్టించుకున్నా" అంటారే, అది రెండు రకాలు. ఒకటి జల్లుమనిపించేది, నొప్పికి. రెండోది కండని గట్టిగా ముడుచుకునేలా చేసేది, ఇది వెన్నుపాము పర్మిషన్ అడగకుండా తొడ దగ్గరే నరాన్ని లేపుతుంది, తిత్లీ తర్వాత జనరేటర్ దగ్గర ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నట్టు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోవద్దు.

పాదమే పైకి లేవట్లేదంటే అది వేరే కథ, డాక్టర్‌కి చూపించాలి. పిక్క ఉబ్బి నొప్పి వచ్చినా, గాయం నుంచి చీము వచ్చినా అదే రోజు వెళ్లండి, ఆయాసం వస్తే మాత్రం రాత్రయినా ఎమర్జెన్సీకే.

(పెద్దమ్మ మోకాలి క్లిప్)

ఇది ఐస్ పెట్టి, కరెంట్ పెట్టిన తొమ్మిదో రోజు. మోకాలిని మంచానికి నొక్కమన్నాను, చిప్ప ఒక్క వేలెడు కూడా కాదు, కొంచెం పైకి జరిగింది చూడండి. కొడుక్కి కనపడలేదు. పెద్దమ్మే తొడ మీద చెయ్యేసి చూసుకుని, "లెగిసిందేట్రా?" అంది.