ఓడిపోయినా అసెంబ్లీకి పంపే దేశం: మారిషస్ కథ

[తెర మీద: ఓట్ల లెక్కింపు హాలు. చప్పుడు మెల్లగా తగ్గుతుంది.]

ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. మన దగ్గరైతే తర్వాత ఏం చేస్తాడు? నాలుగు రోజులు ఫోన్ ఆఫ్ చేసుకుంటాడు, ఐదో రోజు డబ్బు పంచి గెలిచారని ప్రెస్‌మీట్ పెడతాడు. మారిషస్‌లో ఓడినవాడు ఫోన్ ఆఫ్ చేయడు. ఎందుకంటే ఓడినవాళ్లలోంచి కొందరిని ఏరి అసెంబ్లీలో కూర్చోబెట్టే పద్ధతి అక్కడి రాజ్యాంగంలోనే ఉంది. దాని పేరే 'బెస్ట్ లూజర్ సిస్టమ్'. జోక్ కాదండీ, చట్టమే.

ఇలాంటి రూలు ఎందుకు పెట్టుకున్నారో అర్థం కావాలంటే ముందు ఆ నేలనీ, అక్కడికి చేరిన మనుషులనీ చూడాలి.

[మ్యాప్: హిందూ మహాసముద్రం. మడగాస్కర్ నుంచి తూర్పుకి జూమ్.]

మడగాస్కర్‌కి తూర్పున, ఆఫ్రికా తీరానికి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో ఒక చుక్క. దేశం మొత్తం కలిపి సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జీహెచ్ఎంసీ పాత హద్దు 650 చదరపు కిలోమీటర్లు కదా, అలాంటివి మూడు పక్కపక్కన పెడితే ఒక దేశం. జనం పన్నెండున్నర లక్షలకి అటూ ఇటూ. తూర్పున ఇంకా దూరంగా రోడ్రిగ్స్ అనే చిన్న దీవి కూడా వీళ్లదే.

సముద్రం అడుగున అగ్నిపర్వతాలు బద్దలై లేచిన నేల ఇది. మధ్యలో పీఠభూమి, చుట్టూ తీరం, తీరం చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. పెద్ద అలలు ఆ గోడకి తగిలి విరుగుతాయి కాబట్టే లోపల నీళ్లు అంత నిశ్చలంగా, ఫొటోల్లో కనిపించే ఆ ఆకుపచ్చ-నీలం రంగులో ఉంటాయి. హనీమూన్ ప్యాకేజీలవాళ్లు చూపించేది అంతవరకే. మనం లోపలికి వెళ్దాం.

[విజువల్: చెరుకు తోట. తోట మధ్యలో నల్ల రాళ్ల గుట్ట.]

ఈ గుట్ట చూడండి. పచ్చటి చెరుకు మధ్యలో నల్ల రాళ్లు మెట్లు మెట్లుగా పేర్చి ఉన్నాయి. గుడి కాదు, సమాధి కాదు. లావా రాళ్లతో నిండిన నేలలో చెరుకు వేయాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏరినవాటిని ఎక్కడో ఒకచోట పోయాలి. అలా ఒక్కో రాయీ చేత్తో మోసి పేర్చిన గుట్టలే ఇవి. ఇండియాలో కూలీలను ఓడెక్కించిన మేస్త్రీలు "అక్కడ రాయి తిరగేస్తే బంగారమే" అని నమ్మబలికారని మారిషస్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. వచ్చినవాళ్లు రాళ్లయితే తిరగేశారు. బంగారం మాత్రం పంచదార మిల్లుల ఓనర్లకే దొరికింది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ దీవికి ఆదివాసులు లేరు. డోడో పక్షి ఉండేది, పెద్ద తాబేళ్లు ఉండేవి, స్థిరపడ్డ మనిషి లేడు. ఇప్పుడున్న ప్రతి కుటుంబమూ ఎప్పుడో ఒకప్పుడు ఓడ దిగిందే. తేడా అంతా ఏ ఓడ, ఎవరి ఇష్టంతో అన్నదాంట్లోనే.

1598లో డచ్చివాళ్లు వచ్చి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. వందేళ్లు తిరక్కుండానే డోడో అంతరించింది. ఆ తర్వాత డచ్చివాళ్లూ వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు దిగి మడగాస్కర్, ఆఫ్రికాల నుంచి బానిసలను తెచ్చి తోటలు వేయించారు. 1810లో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలిచారు కానీ లొంగుబాటు ఒప్పందంలో ఒక మాట ఇచ్చారు: ఇక్కడి ఆస్తులు, ఆచారాలు, చట్టాల జోలికి రామని. జెండా మారింది, జమీందారు మారలేదు. అందుకే నేటికీ అక్కడ బడి పుస్తకాలు ఇంగ్లిష్‌లో, పేపర్లు ఫ్రెంచ్‌లో, ఇంట్లో మాటలు క్రియోల్‌లో, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాషలో. సివిల్ చట్టానికి మూలం నెపోలియన్ కోడ్. ఇక ఆఖరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే కోర్టుకి! స్వతంత్ర దేశమై ఇన్నేళ్లయినా అదే పద్ధతి.

[విజువల్: పోర్ట్ లూయిస్ రేవు. ఆప్రవాసీ ఘాట్ రాతి మెట్లు.]

1835లో బానిసత్వం రద్దయింది. చెరుకు నరికేదెవరు? దానికి కొన్ని నెలల ముందే, 1834 నవంబర్‌లో, కలకత్తా నుంచి 'అట్లాస్' అనే ఓడ ఒప్పంద కూలీలతో వచ్చింది. ఆ తర్వాత సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ రేవులో దిగారు. ఈ మెట్లెక్కి షెడ్డులో పేరు రాయించుకోవాలి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అదే పేరు. జగన్నాథ్ 'జుగ్నోత్' అయ్యాడు, తండ్రి పేరు అప్పన్న అయితే అదే ఇంటిపేరై కూర్చుంది. 2006లో యునెస్కో ఈ ఆప్రవాసీ ఘాట్‌ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అప్పన్న అన్నాను కదా, ఆగుదాం కాసేపు.

[మ్యాప్: గోదావరి పాయ, కోరింగ.]

కాకినాడ పక్కన కోరింగ. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తాం. అప్పట్లో అది పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. 1830ల్లో అక్కడి నుంచి తెలుగువాళ్లు మారిషస్‌కి ఓడెక్కారు. ఆ రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లని 'కోరింగీలు' అనేవారు. 1839లో తుపాను ఉప్పెనగా వచ్చి కోరింగని ముంచేసింది. ఊరు కోలుకోలేదు. దాని పేరు మాత్రం సముద్రం అవతల మనుషులకి అంటుకుని మిగిలింది. నాకైతే ఈ కథ మొత్తంలో ఇంతకన్నా మనసుకి తగిలే సంగతి లేదు.

వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నని కొలుస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అయినా పాట మాత్రం తెలుగు.

[విజువల్: వీధి బండి. పెనం మీద పల్చటి పూరీ.]

తిండి సంగతి రెండు ముక్కల్లో. దీని పేరు 'ధోల్ పురీ'. ఉడకబెట్టి పొడి చేసిన పప్పు పిండి ముద్దలో పెట్టి, పల్చగా ఒత్తి కాలుస్తారు. బొబ్బట్టులో బెల్లం తీసేసినట్టు ఊహించుకోండి. ఒకటి అడగరు, జత అడుగుతారు. మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. కొనేవాళ్లలో హిందువు, ముస్లిం, చైనీయుడు, ఆఫ్రికా బానిసల వారసులైన క్రియోల్‌లు అందరూ ఉంటారు.

బండి దగ్గర కలిసి నిలబడ్డవాళ్లే ఓటు దగ్గరికొచ్చేసరికి ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

[తెర మీద: 1967, 1968]

స్వాతంత్ర్యం దగ్గరపడుతుంటే చాలామందికి భయం పట్టుకుంది. హిందువులు సగం కన్నా ఎక్కువ, రేపు అంతా వాళ్లదే అయితే మా గతేంటని. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కావాలన్నవాళ్లు గెలిచారు కానీ, వద్దన్నవాళ్లకీ నూటికి 44 ఓట్లు పడ్డాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో మత కల్లోలాలు. బ్రిటిష్ సైన్యం దిగాల్సొచ్చింది. మార్చి 12న జెండా ఎగిరింది, శివసాగర్ రామ్‌గులామ్ తొలి ప్రధాని. ఈ భయానికి మందుగా అప్పటికే, 1966లో ఎన్నికల పద్ధతి తేల్చడానికి బ్రిటన్ పంపిన బాన్‌వెల్ కమిషన్ వచ్చినప్పటి బేరసారాల్లో, తయారైందే బెస్ట్ లూజర్.

ఎలా పనిచేస్తుందో చూద్దాం. అసెంబ్లీకి నేరుగా గెలిచేవాళ్లు 62 మంది. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు. ఓటరుకి మూడు ఓట్లు. రోడ్రిగ్స్‌కి ఇద్దరు. పైన ఇంకో 8 సీట్ల వరకూ ఓడినవాళ్లకి. నామినేషన్ వేసేటప్పుడే అభ్యర్థి తన వర్గం రాయాలి: హిందూ, ముస్లిం, చైనీస్, లేదా 'జనరల్ పాపులేషన్'. మొదటి మూడింట్లో పడనివాళ్లంతా నాలుగోదాంట్లోకే. ఆఫ్రికా బానిసల వారసులు, వాళ్లని కొన్న ఫ్రెంచి యజమానుల వారసులు ఒకే పద్దులో! తమిళులు, తెలుగువాళ్లు, మరాఠీలు హిందూ ఖాతాలో.

[గ్రాఫిక్: రెండు తక్కెడలు.]

లెక్క ఇదీ. అంకెలు నేను ఊరికే వేసుకున్నవి. ఒక వర్గం జనం 60, గెలిచిన సీట్లు 5. ఇంకో వర్గం జనం 24, సీటు 1. సీట్లకి ఒకటి కలిపి జనాన్ని భాగించండి. 60ని 6తో భాగిస్తే 10. 24ని 2తో భాగిస్తే 12. ఎక్కువ వచ్చింది రెండో వర్గానికి, అంటే సీటు వాళ్లకే. ఆ వర్గంలో ఓడినవాళ్లలో తన నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవాడు లోపలికి. మొదటి నాలుగు సీట్లకి పార్టీ చూడరు. తర్వాతి నాలుగింటికి పార్టీల బలం తారుమారు కాకుండా చూస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఆ జనం లెక్క 1972 జనగణనది. ఆ తర్వాత మీ వర్గమేదని జనగణనలో అడగడమే మానేశారు. మంచి ఉద్దేశమే. కానీ సీట్లు పంచడానికి మాత్రం అర్ధశతాబ్దం కిందటి అంకెలే దిక్కు. "నేను మారిషన్‌ని, అంతే" అని వర్గం రాయనివాళ్ల నామినేషన్లు కొట్టేశారు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఇది తప్పంది. 2014 ఎన్నికలకి మాత్రం రాయకపోయినా ఫర్వాలేదని సడలింపు ఇచ్చారు. పద్ధతి మాత్రం ఉంది.

తీసేద్దామని ప్రతి ప్రభుత్వమూ అంటుంది, ఎవరూ తీయరు. 2024 నవంబర్ చూస్తే కారణం తెలుస్తుంది. తొలి ప్రధాని కొడుకు నవీన్ రామ్‌గులామ్ కూటమి ప్రధాన దీవిలో 60కి 60 గెలిచింది. 1982లో, 1995లో కూడా ఇలాగే ఊడ్చేశారు. కుర్చీలో ఉన్న ప్రధాని ప్రవింద్ జుగ్నోత్ తన సొంత సీటే పోగొట్టుకున్నారు. ఇక ప్రతిపక్షం ఎక్కడిది?

[తెర మీద: అసెంబ్లీ హాలు, ఎదురు వరస బెంచీలు.]

ఆ తర్వాత ప్రతిపక్ష నాయకుడి కుర్చీలో కూర్చున్నది జో లెజొంగార్. ఆయనా ఓడిపోయినవారే. బెస్ట్ లూజర్ సీటులో వచ్చారు.