రీమ్యాప్ కొట్టించిన పెట్రోల్ పికప్‌కు ఈ20 పడతదా? గాజు గొట్టం పరీక్షతోటి రివ్యూ

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ. ఇయాల రివ్యూ ఈ20 పెట్రోల్ మీద, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. రీమ్యాప్ కొట్టించిన, అంటే ఇంజిన్ కంప్యూటర్‌ల (ఈసీయూ) పెట్రోల్, టైమింగ్ లెక్కల పట్టిక మార్పించిన పికప్‌ల ఇది పోస్తే ఏమైతదో చూద్దాం.

ముందుగాల ఒక మాట. మన నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద తిరిగే పికప్‌లల్ల డీజిల్‌వే ఎక్కువ. వీ-క్రాస్, హైలక్స్ ఉన్నోళ్లకు ఈ వీడియోతోటి పని లేదు. డీజిల్ ట్యాంకుల ఇథనాల్ చుక్క కూడ పడనియ్యొద్దు. పంపుకు, ఇంజెక్టర్లకు డీజిల్ జిడ్డే కందెన, ఇథనాల్‌కు ఆ జిడ్డు లేదు. సూపర్ క్యారీ లాంటి పెట్రోల్ బండికి మ్యాప్ మార్పించినోళ్లు, టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు స్టేజ్ వన్ (సామాన్లు మార్చకుంట మ్యాప్ ఒక్కటే మార్చుడు) కొట్టించినోళ్లు మాత్రం పూర్తిగ చూడండ్రి.

బంకుల పోసింది నిజంగ ఎంత శాతమో తేల్చుకుందాం. ఇది 250 ఎంఎల్ గాజు కొలత గొట్టం, ల్యాబ్ సామాన్ల షాపుల దొరుకుతది. ఇండ్ల సరిగ్గ 10 ఎంఎల్ నీళ్లు పోసిన, మీదికెళ్లి 100 ఎంఎల్ పెట్రోల్. మూత పెట్టి ఊపుతున్న. నడుమ నడుమ మూత లూజు చేసి గ్యాసు ఇడవాలె. ఇగ పది నిమిషాలు కదపొద్దు. కెమెరా దగ్గరికి తెస్తున్న, అడుగున చూడండ్రి: 10 కాడ ఉన్న నీళ్ల గీత 30 కాడికి ఎక్కింది. ఇథనాల్ పెట్రోల్‌ను ఇడిశిపెట్టి నీళ్లల్లకు దిగింది. 30ల నుంచి 10 తీసేస్తే 20 శాతం. ఒకటి రెండు గీతలు అటూ ఇటూ అయితే ఫికర్ లేదు. ఈ పని ఆరుబయటనే చెయ్యండ్రి, దగ్గర్ల నిప్పు ఉండొద్దు. పరీక్ష చేసిన పెట్రోల్ మల్ల ట్యాంకుల పోయొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్త పెట్రోల్ కిలో కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలె. ఈ10కు 14.1, ఈ20కు 13.5. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ పొయ్యాలె. లీటర్ల లెక్కల చూస్తే ఈ10 నుంచి ఈ20కు దాదాపు 4 శాతం, ఉత్త పెట్రోల్ నుంచి అయితే 7, 8 శాతం. మామూలు నడకల ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ దానంతట అదే సరి చేసుకుంటది. స్కానర్ పెడితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఎంత శాతం పెట్రోల్ పెంచిందో చెప్పే నంబరు) ప్లస్ 4, ప్లస్ 5 అని కనపడుతది, అంతే. బండి మంచిగనే ఉన్నదనుకుంటరు.

ఫుల్ యాక్సిలరేటర్ కొట్టినప్పుడు కథ వేరు. చాలా ఇంజిన్లల్ల అప్పుడు ఈసీయూ సెన్సర్ మాట ఇనదు, ట్యూనర్ (మ్యాప్ మార్చేటోడు) రాసిన పట్టికనే చూస్తది. పట్టిక ఈ10 నాడు రాసిందైతే, లాంబ్డా (గాలి-పెట్రోల్ లెక్క: 1 అంటే సరిగ్గ, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) 0.82 ఉండాల్సిన కాడ 0.85కు పోతది. ఉత్త పెట్రోల్‌కు రాసిందైతే 0.88. బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) పెంచిన ఇంజిన్‌ల, మే నెల 44 డిగ్రీల ఎండల, లోడు మీద ఇది పైలంగ చూడాల్సిన నంబరు. మంట వేడెక్కుతది, నాకింగ్ (పెట్రోల్ దానంతట అదే పేలి టక టక కొట్టుడు) మొదలైతది, ఈసీయూ టైమింగ్ (స్పార్క్ కొట్టే టైము) ఎనుకకు గుంజుతది. మనకేమో "బండి లాగుతలేదు, ఇథనాల్ ఖరాబు చేసింది" అనిపిస్తది. నా తీర్పు అడిగితే, ఇథనాల్ మంచి ఇంధనమే, పాత మ్యాపే దానికి సరిపోతలేదు. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటది. ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే రెండున్నర రెట్ల వేడి గుంజుకొని గాలిని సల్లబరుస్తది. టర్బోకు కావాల్సింది గదే.

అందుకే ట్యూనర్ కాడికి పోయి, "ఈ20కు ఫ్యూయల్ స్కేల్ చెయ్యి (పెట్రోల్ లెక్క పెంచు), టైమింగ్ తర్వాత ముట్టు" అని చెప్పండ్రి. పెట్రోల్ సరి కాకముందే టైమింగ్ పెంచితే పిస్టన్ పోతది. గేజ్ కొనేటప్పుడు వైడ్‌బ్యాండ్ (లాంబ్డాను నిఖార్సుగ కొలిచే సెన్సర్ ఉన్నది) తీసుకొని లాంబ్డాల చదవండ్రి. ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) గేజ్ మీద కనపడే 12.0 పెట్రోల్ లెక్క, ఈ20కు అది అసలు నిష్పత్తి కాదు.

ఇంజెక్టర్లకు ఇంకింత పెట్రోల్ పోసే జాగ ఉన్నదా? పోర్ట్ ఇంజెక్షన్ (వాల్వు ముంగట పెట్రోల్ చల్లేది) అయితే లెక్క అల్కగ ఉంటది. 6000 ఆర్పీఎం మీద ఇంజిన్ ఒక సైకిల్, అంటే రెండు చుట్లు, 20 మిల్లీ సెకన్లు. ఇంజెక్టర్ 16 మిల్లీ సెకన్లు తెరిచి ఉంటే 80 శాతం, ఈ20తోటి ఇంకో 3, 4 శాతం పెరుగుతది. 85 దాటనియ్యొద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్‌ల (సిలిండర్ లోపలికే చల్లేది) రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే పైపుల ఒత్తిడి చూడాలె, అడిగినంత రాకుంట పడిపోతే హై ప్రెషర్ పంపు సరిపోతలేదన్నట్టు. మైలేజీ ఎంత తగ్గుతదంటరా? లీటర్ల ఉండే శక్తి లెక్కన ఉత్త పెట్రోల్ కంటే దాదాపు 7 శాతం, ఈ10 కంటే మూడున్నర.

2023 ఏప్రిల్‌కు ముందటి బండ్లైతే పైపులు చూడండ్రి. పాత నైట్రైల్ రబ్బరు ఉబ్బి మెత్తగైతది, క్లిప్పు కాడ చెమ్మ పడుతది. వేలితోటి ఒత్తితే జిగటగ తాకిందంటే తీసేసి ఎఫ్‌కేఎం (ఫ్లోరో రబ్బరు) లైనింగ్ ఉన్న పైపు ఎయ్యండ్రి, ఓ-రింగులు కూడ. ట్యాంకు గోడలకు పట్టిన పాత జిగట ఇథనాల్‌కు కరిగి ఫిల్టర్‌ల కూసుంటది, అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఫిల్టర్ మార్చాలె. వానకాలంల సగం ట్యాంకుతోటి వారాలకు వారాలు బండి నిలబెట్టొద్దు. నీళ్లు ఎక్కువ చేరితే ఇథనాల్ నీళ్లతోటి కలిసి అడుగుకు దిగుతది, పంపు గుంజేది అడుగుదే. అట్ల ఇడిపోయిన పెట్రోల్‌కు ఏ మందు పోసినా పని చెయ్యదు, ట్యాంకు దించి కడగాల్సిందే.

మ్యాప్ మార్పించినంక శ్రీశైలం డ్యాం కాడి నుంచి ఈగలపెంట దిక్కు ఘాటు ఎక్కేటప్పుడు, లోడు మీద, పక్కన ఒకలు కూసొని లాగ్ తియ్యండ్రి. లాంబ్డా, నాక్ రిటార్డ్ (నాకింగ్‌కు ఈసీయూ టైమింగ్ ఎన్ని డిగ్రీలు ఎనుకకు గుంజిందో), లోపలికి పోయే గాలి వేడి, ఈ మూడు చాలు. రిటార్డ్ 3 డిగ్రీలు దాటి అట్లనే నిలబడితే పాదం తీసి, ఆ ఫైల్ ట్యూనర్‌కు పంపండ్రి. గొట్టంల గీత ఎక్కడికి వచ్చిందో కూడ రాసి పంపండ్రి.