సమ్మక్క సాక్షిగా: భక్తుల ఓట్ల కోసం పార్టీలు ఏం చేస్తాయి?

[తెరపై: మేడారం గద్దెలు, త్రాసు, బెల్లం ముద్దలు]

మేడారంలో నిలువెత్తు బంగారం అంటే బెల్లమే. మొక్కుకున్న మనిషి త్రాసులో ఒకవైపు కూర్చుంటే, ఆ బరువుకు సరితూగేదాకా రెండోవైపు బెల్లం పేరుస్తారు. రెండేళ్లకోసారి జరిగే ఈ జాతరలో పార్టీ భేదం లేకుండా నాయకులందరూ ఇదే త్రాసు ఎక్కుతారు, కెమెరాలు ఆ క్షణం కోసమే ఎదురుచూస్తాయి. దైవభక్తిని, సంప్రదాయాన్ని ప్రాణంగా భావించే ఓటరును ఆకట్టుకోవడానికి పార్టీలు వేసే అడుగుల్లో బయటికి కనిపించేది ఇదే. అయితే దీని ఫలితం మనం అనుకునేంత ఉండదు.

[తెరపై: రామప్ప, భద్రకాళి ఆలయాలు]

తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు జరిగిన 2023 సంవత్సరాన్నే తీసుకుందాం. ఫిబ్రవరి 6న రేవంత్ రెడ్డి తన పాదయాత్రను మేడారం నుంచి మొదలుపెట్టారు. జూలై 8న ప్రధాని మోదీ వరంగల్ భద్రకాళి అమ్మవారిని దర్శించుకున్నారు. అక్టోబరు తొలివారంలో, 2014 విభజన చట్టంలో హామీగా ఉన్న గిరిజన విశ్వవిద్యాలయాన్ని సమ్మక్క సారక్క పేరుతో ములుగులో నెలకొల్పేందుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే నెల 18న కాంగ్రెస్ బస్సు యాత్ర రామప్ప గుడి నుంచి కదిలింది. అప్పటికే యాదాద్రిని పునర్నిర్మించిన కేసీఆర్ ప్రభుత్వం కొండగట్టుకూ నిధులు ప్రకటించి ఉంది. చివరికి మేడారం, రామప్ప ఉన్న ములుగు నియోజకవర్గంలో 2018లో గెలిచిన కాంగ్రెస్ నాయకురాలు సీతక్కే మళ్లీ గెలిచారు. అమ్మవార్ల పేరు అన్ని పార్టీల నోటా వినిపించినప్పుడు ఓటరు దాన్ని పక్కనపెట్టి, మనిషిని, పనిని చూసి తీర్పు ఇచ్చాడని నా అంచనా. జాతరకు వెళ్లినందుకు ఓట్లు పడతాయో లేదో గానీ, వెళ్లకపోతే మాత్రం ప్రత్యర్థి చేతికి ఆయుధం దొరుకుతుంది.

ధూపదీప నైవేద్యం, ఇమాములకు గౌరవ వేతనం, ఇఫ్తార్, క్రిస్మస్ విందు, బతుకమ్మ చీరలు వంటివి అధికారంలో ఉన్న పార్టీకే సాధ్యం కాబట్టి వాటిని అంతటితో వదిలేద్దాం.

[తెరపై: హన్మకొండలో ఒక వినాయక మండపం]

అసలు పని వీధి స్థాయిలో జరుగుతుంది. విగ్రహదాత ఎవరు, అన్నదానం ఖర్చు ఎవరిది, లడ్డూ వేలంలో ఎవరు పాడారు అన్నవి మండపం ముందున్న ఫ్లెక్సీ చూస్తే తెలిసిపోతాయి. నిమజ్జనం తర్వాత ఫ్లెక్సీ ఉండదు గానీ, తొమ్మిది రోజులు కలిసి పనిచేసిన యువకుల బృందం మిగిలే ఉంటుంది. పోలింగు నాడు ఓటరు చీటీలు పంచడానికి ఏ పార్టీకైనా కావలసింది అలాంటి బృందమే. కాజీపేట దర్గా ఉర్సుకు చాదర్ సమర్పించే నాయకుడి లెక్క కూడా ఇంచుమించు ఇదే.

[తెరపై: ఎన్నికల సభ]

ఇక ఒట్టు సంగతి. 2024 లోక్‌సభ ప్రచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఏ ప్రాంతంలో సభ జరిగితే అక్కడి దేవుని సాక్షిగా, ఆగస్టు 15లోగా 2 లక్షల రూపాయల వరకు రైతు రుణాలు మాఫీ చేస్తానని ప్రమాణం చేశారు. మ్యానిఫెస్టోను ఎవరూ చదవకపోవచ్చు, భద్రకాళి మీద వేసిన ఒట్టును మాత్రం ఊరు మరిచిపోదు. మాఫీ పూర్తి కాలేదంటూ ఆగస్టులో బీఆర్ఎస్ నేత హరీశ్ రావు యాదాద్రికి వెళ్లి పాపపరిహార పూజ చేయించారు. అంటే ప్రతిపక్షం బ్యాంకు లెక్కలతో పాటు అదే మొక్కుల భాషలోనూ బదులిచ్చింది.

అన్నింటికన్నా పదునైనది గాయాన్ని గుర్తుచేయడం. 2019 మార్చిలో కరీంనగర్ సభలో బీజేపీని విమర్శించే క్రమంలో కేసీఆర్ హిందువుల ప్రస్తావనతో అన్న ఒక మాటను ఎన్నికల సంఘం తప్పుపట్టింది, బీజేపీ దాన్ని ఇంటింటికీ చేర్చింది, ఆ స్థానంలో బండి సంజయ్ గెలిచారు. అలాగని ఆ ఏటి ఫలితాలన్నింటినీ మతం ఖాతాలో వేయడం తొందరపాటు అవుతుంది. పక్కనే ఉన్న నిజామాబాద్‌లో తమ పంట సమస్యలపై నిరసనగా పసుపు రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలిచారు, అక్కడా బీజేపీయే గెలిచింది.

[తెరపై: సుప్రీంకోర్టు భవనం]

చట్టం ఏమంటుంది? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అక్రమం. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని ప్రస్తావించి అడిగినా అది వర్తిస్తుందని 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. ఓటు వేయకపోతే దేవుని ఆగ్రహానికి గురవుతారని నమ్మించడం కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తుంది. డబ్బు చేతిలో పెట్టి దేవుని పటం మీద ఒట్టు వేయించుకునేవారు దీన్ని గమనించాలి. గెలిచిన అభ్యర్థి ఈ అక్రమానికి పాల్పడినట్టు రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. అందుకు ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేయాలి, ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా వేయవచ్చు.